కెమెరా వంచకుండా: టెక్నికల్ కెమెరా, వైడ్ లెన్స్‌తో నా అనుభవం

నేను టెక్నికల్ కెమెరా వైపు వచ్చింది మెగాపిక్సెల్స్ కోసం కాదు, చెట్లు నిలువుగా నిలబడాలని. వైడ్ లెన్స్ పెట్టి అడవి అంచున నిలబడినప్పుడు, కాళ్ల ముందున్న రాళ్లు కూడా ఫ్రేమ్‌లోకి రావాలంటే కెమెరాను కిందికి వంచాలి. వంచగానే రెండు పక్కలా ఉన్న చెట్లు పైకి పోయేకొద్దీ బయటికి విచ్చుకుంటాయి. ఆకాశం ఎక్కువ కావాలని పైకెత్తితే అవే చెట్లు లోపలికి వాలిపోతాయి. లెన్స్ ఎంత వైడ్ అయితే ఈ వంకర అంత ఎక్కువ. సాఫ్ట్‌వేర్‌లో సరిచేయొచ్చు, చాలాకాలం నేనూ అలాగే చేశాను. కానీ సరిచేసిన ప్రతిసారీ అంచులు కొంత పోతాయి, సాగదీసిన చోట వివరం పలచబడుతుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది, అక్కడ నిలబడి ఎంతో ఆలోచించి కుదుర్చుకున్న ఫ్రేమ్ కంప్యూటర్ ముందు కూర్చునేసరికి వేరే ఫ్రేమ్ అయిపోతుంది. ఏ రాయి దగ్గర అంచు కోయాలో అక్కడే తేల్చుకోవాలని నాకు పట్టుదల. ఆ పట్టుదలే నన్ను ఈ దారి పట్టించింది.

పేరు వింటే ఏదో క్లిష్టమైన యంత్రం అనిపిస్తుంది గానీ, టెక్నికల్ కెమెరాలో ఉండేది చాలా తక్కువ. ముందు లెన్స్, వెనక డిజిటల్ బ్యాక్ (సెన్సర్, స్క్రీన్ ఉండే పెట్టె), ఆ రెండింటినీ కచ్చితంగా సమాంతరంగా పట్టుకునే లోహపు చట్రం, అంతే. వ్యూఫైండర్‌కు బొమ్మ చూపే అద్దం లేదు, ఆటోఫోకస్ లేదు, చట్రంలో బ్యాటరీ కూడా ఉండదు. స్విట్జర్లాండ్‌లో ఆల్పా, నెదర్లాండ్స్‌లో కాంబో, జర్మనీలో లిన్‌హాఫ్, ఇంకా ఆర్కా-స్విస్ వీటిని తయారు చేస్తూ వచ్చాయి. 2019లో ఫేజ్ వన్ కూడా ఎక్స్‌టీ అనే చిన్న బాడీ తెచ్చింది. చట్రానికి ఉన్న గేర్ తిప్పితే బ్యాక్ పైకీ కిందికీ, పక్కలకీ మిల్లీమీటర్ల లెక్కన జరుగుతుంది. దాన్నే షిఫ్ట్ అంటారు. నా మటుకు ఈ కెమెరా ప్రాణమంతా ఆ గేర్‌లోనే ఉంది.

షిఫ్ట్ పనిచేయాలంటే లెన్స్ వేసే వెలుగు వలయం సెన్సర్ కంటే పెద్దదిగా ఉండాలి. దీన్ని ఇమేజ్ సర్కిల్ అంటారు. నేను వాడే ఫేజ్ వన్ ఐక్యూ4 150 బ్యాక్‌లో సెన్సర్ కొలత 53.4 × 40 మి.మీ., అంటే మూల నుంచి మూలకు సుమారు 67 మి.మీ. రోడెన్‌స్టాక్ హెచ్ఆర్ డిజరాన్-డబ్ల్యూ 32 మి.మీ. లెన్స్ ఇమేజ్ సర్కిల్ 90 మి.మీ. ఆ తేడాలోనే నా స్వేచ్ఛ అంతా. కాగితం మీద వలయం గీసి, లోపల దీర్ఘచతురస్రం పెట్టి లెక్క కట్టాను. ఫ్రేమ్ అడ్డంగా ఉన్నప్పుడు పైకి గానీ కిందికి గానీ 16 మి.మీ. దాకా, పక్కలకి అటూ ఇటూ 13 మి.మీ. దాకా జరపొచ్చు. పైకీ పక్కకీ రెండూ ఒకేసారి కావాలంటే అంత దొరకదు, మూల వలయం బయటికి వెళ్లిపోతుంది. ఈ బొమ్మ నా కెమెరా సంచిలో ఇప్పటికీ ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు లెన్స్ కొనే ముందు ఈ బొమ్మ గీసుకోవాలి. ఎందుకంటే అదే కంపెనీ 23 మి.మీ. లెన్స్ ఇమేజ్ సర్కిల్ 70 మి.మీ. మాత్రమే. ఈ సెన్సర్ మీద దానికి కదిలే చోటు దాదాపు లేనట్టే. కదలని టెక్నికల్ కెమెరా నాకు అక్కర్లేదు.

లెన్స్ ఎంచుకోవడం దగ్గర చాలా ఆలోచించాను. అద్దం తీసేస్తే వైడ్ లెన్స్‌ను ఫిల్మ్‌కు బాగా దగ్గరగా కూర్చోబెట్టవచ్చన్న ఆలోచన పాతదే. 1954లో హాసెల్‌బ్లాడ్ సూపర్ వైడ్ వచ్చింది అలాగే, లుడ్విగ్ బెర్టెలే రూపొందించిన జైస్ బయోగాన్ 38 మి.మీ. లెన్స్‌ను పట్టుకుని. ష్నైడర్ వాళ్ల 35 మి.మీ. ఎక్స్ఎల్ కూడా ఆ దారిలోదే. చిన్నగా, తేలిగ్గా ఉంటుంది, గీతలు గీతల్లా వస్తాయి. దాన్ని చేతిలో పట్టుకోగానే నాకు ఎంతో నచ్చింది. కానీ దాని వెనక గాజు సెన్సర్‌కు మరీ దగ్గర. అంచుల వైపు వెలుగు బాగా ఏటవాలుగా పడుతుంది. అలా పడే వెలుగు కోణం పెరిగేకొద్దీ ఆ కోణపు కొసైన్‌కు నాలుగో ఘాతం చొప్పున తగ్గిపోతుంది. 90 మి.మీ. వలయం అంచుకు చేరేసరికి కోణం సుమారు 52 డిగ్రీలు, అంటే మధ్యలో పడ్డ వెలుగులో ఏడో వంతు. దాదాపు మూడు స్టాపులు పోయినట్టే, ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది. ఆ పైన, పాత తరహా సీమాస్ సెన్సర్ల మీద ఏటవాలు వెలుగు పక్క పిక్సెల్‌లోకి కారి ఒక అంచు ఆకుపచ్చగా, ఇంకో అంచు గులాబీగా తేలుతుంది. వెనకవైపు నుంచి వెలుగు తీసుకునే కొత్త సెన్సర్లలో ఇది చాలావరకు తగ్గింది గానీ, నీడల్ని పైకి లాగినప్పుడు అంచుల్లో నాయిస్ కనిపిస్తూనే ఉంటుంది.

రోడెన్‌స్టాక్ 32 రెట్రోఫోకస్ నిర్మాణం. వెనక గాజు సెన్సర్‌కు దూరంగా ఉండి వెలుగును కొంత నిటారుగా పంపుతుంది. అందుకు మూల్యం బరువు, పొడవు, కొద్దిపాటి బ్యారెల్ వంకర, అంటే అంచుల దగ్గర సరళరేఖలు బయటికి ఉబ్బడం. నేను బరువునే ఎంచుకున్నాను. కొండ ఎక్కేటప్పుడు ఆ నిర్ణయం భుజానికి తెలుస్తూనే ఉంటుంది.

బయటికి తీసుకెళ్లే ముందు చేయాల్సిన పని ఒకటుంది. దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ, కానీ దీన్ని దాటేస్తే మిగతాదంతా వృథా. లెన్స్ అనంతం గుర్తు దగ్గర ఉన్నప్పుడు సెన్సర్ సరిగ్గా ఫోకస్ పడే తలంలోనే ఉందా లేదా చూసుకోవాలి. 32 మి.మీ. లెన్స్‌లో అనంతం నుంచి 12 మీటర్లకు ఫోకస్ తేవాలంటే లెన్స్ కదిలేది ఒక మిల్లీమీటరులో సుమారు పన్నెండో వంతే. బ్యాక్ కూర్చునే చోట 0.05 మి.మీ. తేడా ఉందనుకోండి, ఫోకస్ రింగ్ అనంతం చూపిస్తుంటే అసలు ఫోకస్ 20 మీటర్ల దగ్గర ఉంటుంది. కొండలు మెత్తబడతాయి, తప్పు లెన్స్‌ది అనుకుంటాం. ఆల్పా లాంటి వాటిలో బ్యాక్‌కు, అడాప్టర్‌కు మధ్య పలచని లోహపు రేకులు పెట్టి దీన్ని సరిచేసే ఏర్పాటు ఉంది. షిమ్ అంటారు. నేను చాలా దూరంలో ఉన్న టవర్‌ను పెట్టుకుని, లెన్స్ పూర్తిగా తెరిచి, రింగ్‌ను వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ వరుసగా ఫొటోలు తీశాను. వంద శాతం జూమ్‌లో చూసి ఏది పదునుగా ఉందో గుర్తు పెట్టుకున్నాను. తర్వాత షిమ్ మార్చి మళ్లీ అదంతా చేశాను. ఓపిక పరీక్షించే పనే. అయినా ఇది పూర్తయ్యాక రింగ్ మీద అంకెల్ని మొదటిసారి నమ్మగలిగాను. ఆ నమ్మకం లేకుండా తెల్లవారుజామున చీకట్లో ఫోకస్ చేయడం టెన్షనే.

ఇక బయట పని. ముందు కెమెరా తీయను. ఫోన్‌లో ఫ్రేమ్ చూపే యాప్ ఉంది, దానిలో లెన్స్ కోణం పెట్టుకుని నడుస్తాను. 32 మి.మీ. ఈ సెన్సర్ మీద అడ్డంగా సుమారు 80 డిగ్రీలు చూస్తుంది. 35 మి.మీ. ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 21 మి.మీ. లెన్స్‌కు దగ్గర. ఇంత వైడ్‌లో రెండడుగులు పక్కకు జరిగితే ఫొటో మొత్తం మారిపోతుంది, అదే జరుగుడుకు దూరపు కొండ మాత్రం కదలదు. కాబట్టి ముందు రాయికీ వెనక కొండకీ మధ్య సంబంధం కాళ్లతోనే తేలాలి. ఎత్తు కూడా అంతే. ట్రైపాడ్ తల పెంచితే రాళ్ల మధ్య నీటి మడుగులు విడివిడిగా కనిపిస్తాయి, దించితే ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. షిఫ్ట్‌తో ఇది మారదు. షిఫ్ట్ మార్చేది ఎక్కడ కోయాలన్నదే. ఎక్కడ నిలబడాలన్నది దాని చేతిలో లేదు.

చోటు కుదిరాక లెవెల్. గేర్లతో తిరిగే ట్రైపాడ్ తల, అంటే గేర్డ్ హెడ్, లేకుండా ఈ పని నేను ఊహించలేను. బాల్ హెడ్‌లో ఒక దిక్కు సరిచేస్తే ఇంకో దిక్కు పోతుంది. గేర్డ్ హెడ్‌లో ముందు వెనకల వంపు వేరు, పక్క వంపు వేరు. బ్యాక్‌లో ఉన్న ఎలక్ట్రానిక్ లెవెల్ రెండు దిక్కులా సున్నా చూపేదాకా తిప్పుతాను. 14,204 పిక్సెళ్ల వెడల్పులో ఒక్క డిగ్రీ పక్కకు ఒరిగితే క్షితిజరేఖ ఆ చివర నుంచి ఈ చివరకు దాదాపు 250 పిక్సెళ్లు జారుతుంది. సముద్రం ఫొటోలో అది దాగదు. సాఫ్ట్‌వేర్‌లో తిప్పితే మళ్లీ అంచులు పోతాయి, అంచుల కోసమే కదా ఇంత కష్టం.

లెవెల్ కుదిరిందంటే క్షితిజరేఖ కచ్చితంగా ఫ్రేమ్ మధ్యలో ఉంటుంది. ఎప్పుడూ, ఎక్కడైనా. నాకు అత్యంత ఇష్టమైన ఘట్టం ఇక్కడ మొదలవుతుంది. సెన్సర్ మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి, బ్యాక్‌ను పైకి జరిపితే నేల ఎక్కువ వస్తుంది, కిందికి జరిపితే ఆకాశం ఎక్కువ వస్తుంది. 40 మి.మీ. ఎత్తున్న సెన్సర్‌ను 6.7 మి.మీ. పైకి జరిపితే క్షితిజరేఖ ఫ్రేమ్‌లో పై మూడో వంతు దగ్గర కూర్చుంటుంది. 10 మి.మీ. జరిపితే పై నాలుగో వంతు. గేర్ నెమ్మదిగా తిప్పుతుంటే వెనక స్క్రీన్ మీద కొండ పైకి జరిగి, కింద నుంచి ఒక్కొక్క రాయీ లోపలికొస్తుంది. చెట్లు మాత్రం ఒక్క వెంట్రుక కూడా వాలవు. కెమెరా ఎటూ తిరగలేదు, చూపు మాత్రం కిందికి దిగింది. మొదటిసారి చూసినప్పుడు ఎంత సంబరపడ్డానో ఇప్పటికీ అంతే సంబరపడతాను. వైడ్ ల్యాండ్‌స్కేప్‌లో ఈ ఒక్క సదుపాయం కోసం మిగతా అసౌకర్యాలన్నీ భరించొచ్చు.

తర్వాత ఫోకస్, ఇది పెద్ద విషయం. వైడ్ లెన్స్ కదా, అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/11 పెడితే అన్నీ పదునుగా వస్తాయని చాలామంది అనుకుంటారు. పాత లెక్క ప్రకారం, అంటే 0.03 మి.మీ. మసకను ఒప్పుకుంటే, 32 మి.మీ. లెన్స్‌కు ఎఫ్/11 దగ్గర హైపర్‌ఫోకల్ దూరం 3.1 మీటర్లు, అంటే అక్కడ ఫోకస్ పెడితే అందులో సగం దూరం నుంచి అనంతం దాకా పదును. వినడానికి బాగుంది. కానీ ఈ సెన్సర్ పిక్సెల్ 3.76 మైక్రాన్లు. రెండు పిక్సెళ్ల మసక కంటే ఎక్కువ వద్దనుకుంటే అదే దూరం 12 మీటర్లు దాటుతుంది. సగం దూరం, అంటే 6 మీటర్ల లోపలున్నదంతా మెల్లగా మెత్తబడుతుంది. అపర్చర్ ఇంకా మూద్దామంటే డిఫ్రాక్షన్, అంటే చిన్న రంధ్రం దాటిన వెలుగు పరచుకోవడం, అడ్డొస్తుంది. ఎఫ్/11 దగ్గరే ఒక చుక్క వెలుగు సుమారు 15 మైక్రాన్ల వలయంగా పరచుకుంటుంది, ఎఫ్/16 దగ్గర 21 దాటుతుంది. అందుకే నేను ఎఫ్/8, ఎఫ్/11 మధ్యే ఉంటాను. పెద్ద ప్రింట్ వేయని ఫొటోకు ఇదంతా అనవసరం, ఆ మాట కూడా చెప్పాలి. నాకు గోడంత ప్రింట్‌లో కాళ్ల దగ్గరి నాచు తెలియాలి.

అక్కడే టిల్ట్ కావాలి. లెన్స్‌ను సెన్సర్‌కు సమాంతరంగా కాకుండా కొద్దిగా ముందుకు వాల్చితే ఫోకస్ తలం నిలువుగా ఉండటం మాని నేల వెంట పరచుకుంటుంది. ఆస్ట్రియా సైన్యంలో పనిచేసిన థియోడర్ షైంప్‌ఫ్లూగ్ పేరుతో ఈ సూత్రం స్థిరపడింది. ఆయన గాలిలోంచి తీసిన ఫొటోలను సరిచేసే పనిలో 1904లో దీన్ని పేటెంట్‌లో రాశాడు. అంతకుముందే 1901లో ఫ్రెంచ్ ఇంజనీర్ జూల్స్ కార్పాంతియే ఇదే సంగతి చెప్పాడు, షైంప్‌ఫ్లూగ్ కూడా ఆ విషయం దాచలేదు. ఎంత వాల్చాలన్నదానికి తేలిక లెక్క ఉంది. లెన్స్ ఫోకల్ దూరాన్ని నేల నుంచి లెన్స్ ఎత్తుతో భాగిస్తే వాల్చాల్సిన కోణపు సైన్ వస్తుంది. లెన్స్ 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే 32 మి.మీ.కు 1.2 డిగ్రీలు. 5 డిగ్రీల టిల్ట్ ఉన్న మౌంట్ కొనుక్కుని, వాడేది ఒకటిన్నర లోపే. ఈ సంగతి తెలియక ముందు స్క్రీన్ చూస్తూ అటూ ఇటూ వెతకడం ఎవరికైనా ప్రాణం విసిగించేస్తుంది. టేపు తీసి ఎత్తు కొలిచి, కోణం పెట్టేసి, ఆ తర్వాతే స్క్రీన్ చూడటం మంచిది.

కోణం పెట్టాక ఫోకస్ రింగ్ చేసే పని మారిపోతుంది. అది ఇక దూరాన్ని మార్చదు. లెన్స్ కింద నేల మీద ఒక కీలు ఉన్నట్టు, ఫోకస్ తలం ఆ కీలు మీద తలుపులా పైకీ కిందికీ తిరుగుతుంది. పదునుగా వచ్చే భాగం ఆ తలుపుకు రెండు పక్కలా చీలిక ఆకారంలో ఉంటుంది, దగ్గర సన్నగా, దూరం పోయేకొద్దీ మందంగా. ఎంత మందం అన్నది కూడా లెక్క కట్టొచ్చు. హైపర్‌ఫోకల్ దూరం దగ్గర ఆ మందం తలానికి పైన, కింద లెన్స్ ఎత్తంత ఉంటుంది. అంటే పైన చెప్పిన కఠినమైన లెక్కతో 12 మీటర్ల దగ్గర నేల మీద నుంచి 1.5 మీటర్ల దాకా పదును, 6 మీటర్ల దగ్గర అందులో సగం, 3 మీటర్ల దగ్గర ఒక అడుగుకు కాస్త ఎక్కువ. గడ్డి మైదానం, ఇసుక, రాతి పలక, ఎండిన చెరువు, వీటికి ఇది అమృతం. కానీ 6 మీటర్ల దూరంలో మనిషంత చెట్టు నిలబడి ఉంటే దాని తల మెత్తబడుతుంది. అందుకే నేను తలాన్ని సరిగ్గా నేల మీద పరచను. రింగ్ కొద్దిగా తిప్పి, దూరంలో తలం కొండ పాదానికీ శిఖరానికీ మధ్యలో తాకేలా లేపుతాను. నేల చీలికకు కింది అంచులో, శిఖరం పై అంచులో పడతాయి.

నిలువు రాయి దగ్గరగా ఉన్న దృశ్యాల్లో టిల్ట్ సున్నాకు తెచ్చేస్తాను. అప్పుడు దారి ఫోకస్ మార్చుకుంటూ రెండు మూడు ఫ్రేములు తీసి కలపడం. రాళ్లకు బాగుంటుంది, ఊగే గడ్డికి బాగుండదు. మిగిలిన మార్గం, ఏది మెత్తగా ఉన్నా పర్వాలేదో తేల్చుకోవడం. నేను ఎప్పుడూ దూరాన్ని పదునుగా ఉంచి, దగ్గర్లో కొంత వదులుకుంటాను. మసకేసిన కొండ నాకు పొరపాటులా కనిపిస్తుంది, మసకేసిన కాలి కింది రాయి కాదు.

ఫొటో తీయడం తేలికే. పాత లెన్సులు కోపాల్ షట్టర్‌తో, అంటే లెన్స్‌లోనే ఉండే స్ప్రింగ్ షట్టర్‌తో వస్తాయి. వాటి తయారీ ఆగిపోయింది గానీ చాలామంది చేతుల్లో ఇంకా పనిచేస్తున్నాయి. చూడటానికి తెరవాలి, తీయడానికి మూయాలి, స్ప్రింగ్ బిగించాలి, కేబుల్ నొక్కాలి. బ్యాక్‌లోని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే ఈ తతంగం ఉండదు. అయితే సెన్సర్ వరుస వెంట వరుస చదువుతుంది కాబట్టి వేగంగా కదిలే అలలు, ఊగే కొమ్మలు వంకర పోతాయి. గాలి లేని ఉదయాల్లో ఎలక్ట్రానిక్, గాలి ఉంటే కోపాల్.

ఫ్రేమ్ తీసిన వెంటనే ఇంకో ఫ్రేమ్ తీస్తాను, ఈసారి లెన్స్ ముందు పాలతెలుపు ప్లాస్టిక్ పలక అడ్డం పెట్టి. దీన్ని ఎల్‌సీసీ (లెన్స్ కాస్ట్ కాలిబ్రేషన్) అంటారు. ఆ ఫ్రేమ్‌లో దృశ్యం ఉండదు. అంచుల్లో వెలుగు ఎంత తగ్గింది, ఏ పక్కకు ఏ రంగు తేలింది, సెన్సర్ మీద దుమ్ము ఎక్కడుంది అన్నవే ఉంటాయి. క్యాప్చర్ వన్ సాఫ్ట్‌వేర్‌లో దీన్ని చదివించి అసలు ఫ్రేమ్‌కు వర్తింపజేస్తే అవన్నీ పోతాయి. షిఫ్ట్ మార్చినా, టిల్ట్ మార్చినా, అపర్చర్ మార్చినా కొత్తది కావాలి. వెలుగు పరుగెత్తే వేళ ఇది విసుగనిపిస్తుందని కొందరు ఇంట్లో ముందే తీసి దాచుకుంటారు. నేను అక్కడే తీస్తాను. దుమ్ము మచ్చలు రోజుకో చోట ఉంటాయి కదా. పైగా 13 మి.మీ. షిఫ్ట్ చేసిన ఫ్రేమ్‌లో ఆకాశం ఒక పక్క ముదురుగా, ఒక పక్క లేతగా ఉంటుంది. ఎల్‌సీసీ లేకుండా దాన్ని చేత్తో సరిచేయడం దాదాపు అసాధ్యం. ఆ ముదురు కొంత నిజంగానే ఆకాశానిది, కొంత లెన్స్‌ది. ఏది ఎంతో పలకకే తెలుసు. వెలుగు తగ్గుదలను మాత్రం నేను నూటికి నూరు పాళ్లు సరిచేయను, కొంచెం ఉంచుతాను. పూర్తిగా చదును చేస్తే అంచుల్లో నాయిస్ లేస్తుంది, పైగా ఫొటోకు కాస్త ముదురు అంచు నాకు నచ్చుతుంది.

పోలరైజర్ ఫిల్టర్ గురించి ఒక్క మాట. ఆకాశంలో ధ్రువీకరణ సూర్యుడికి 90 డిగ్రీల దిక్కున ఎక్కువ, మిగతా చోట్ల తక్కువ. 80 డిగ్రీలు చూసే లెన్స్‌కు పోలరైజర్ పెడితే ఆకాశంలో నల్లని పట్టీ పడుతుంది. తడి రాళ్ల మెరుపు తగ్గించడానికే వాడతాను, అదీ ఆకాశం ఫ్రేమ్‌లో లేనప్పుడు.

స్టిచింగ్‌తో, అంటే రెండు ఫ్రేములను ఒకే ఫొటోగా అతకడంతో, నాకున్న బంధం మొదట్లో గాఢంగా ఉండేది, ఇప్పుడు కొంత పలచబడింది. బ్యాక్‌ను ఎడమకు 13, కుడికి 13 మి.మీ. జరిపి రెండు ఫ్రేములు తీస్తే 79 × 40 మి.మీ. బొమ్మ వస్తుంది, దాదాపు రెండుకు ఒకటి నిష్పత్తి. అడ్డంగా 102 డిగ్రీలు. నా బాడీలో లెన్స్ కదలదు, వెనక ప్లేటే కదులుతుంది. కాబట్టి దగ్గరి రాళ్లకూ దూరపు కొండకూ మధ్య స్థానభేదం రాదు. పనోరమాలో లాగా ఫొటోలను వంచాల్సిన పని లేదు, రెండింటినీ పక్కపక్కన జరిపితే పిక్సెల్‌కు పిక్సెల్ అతుకుతాయి. ఫ్రేమ్ నిలువుగా పెట్టి 16 చొప్పున జరిపితే 72 × 53 మి.మీ. వస్తుంది, అది నాకు ఇంకా ఇష్టమైన ఆకారం. లెన్స్ కదిలే బాడీ ఉన్నవాళ్లు ట్రైపాడ్ మీద కెమెరాను అంతే దూరం ఎదురు దిక్కుకు జరుపుకోవాలి, లేకపోతే దగ్గరి వస్తువులు అతకవు.

ఇబ్బంది ఎక్కడంటే, ఇంత వెడల్పులో సరళరేఖలు సరళరేఖలుగా ఉండాలంటే అంచులు సాగాల్సిందే. 51 డిగ్రీల దగ్గర గుండ్రని బండ దాదాపు 1.6 రెట్లు సాగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. మేఘాలు కూడా మూలల వైపు పరుగెడుతున్నట్టు కనిపిస్తాయి. లెన్స్ దోషం కాదిది, చదునైన తలం మీద వెడల్పైన చూపును పరిచే జ్యామితి అంతే. దానికి ఎల్‌సీసీ లేదు. కాబట్టి అంచుల్లో ఏముంది అన్నది చూసి మరీ స్టిచ్ చేస్తాను. నీరు, ఇసుక, గడ్డి, పొగమంచు ఉంటే సాగినా కన్ను పట్టుకోదు. గుండ్రని రాళ్లు, మనుషులు, విడిగా నిలబడ్డ చెట్టు కొమ్మలు ఉంటే ఒకే ఫ్రేమ్‌తో సరిపెట్టుకుంటాను. అలలు, వేగంగా పోయే మేఘాలు ఉన్నప్పుడు అతుకు పడే చోట ఏ రాయో, కదలని ముక్కో ఉండేలా చూస్తాను.

ప్రాసెసింగ్‌లో నా క్రమం ఎప్పుడూ ఒకటే. ముందు ప్రతి ఫ్రేమ్‌కూ దాని ఎల్‌సీసీ, తర్వాత అన్నిటికీ ఒకే వైట్ బ్యాలెన్స్, ఒకే ఎక్స్‌పోజర్, అప్పుడే అతుకు. ఈ క్రమం తిరగబడితే అతుకు గీత ఆకాశంలో తేలుతుంది. ఒక్క ఫ్రేమ్ 16 బిట్ టిఫ్‌గా మారిస్తేనే 900 ఎంబీ, రెండు ఫ్రేములు కలిపి పొరలు వేస్తే కంప్యూటర్ మూలుగుతుంది. షార్పెనింగ్ తక్కువ పెడతాను. ఈ లెన్సులు ఇచ్చే వివరానికి పైపూత అక్కర్లేదు, పెడితే గడ్డి పరకలు తీగల్లా గట్టిపడతాయి.

ఇన్ని పనులు ఉండటం వల్ల దొరకని ఫొటోలు చాలా ఉన్నాయి. మేఘం చీల్చుకుని వెలుగు క్షణం పాటు పడి పోయే దృశ్యాలు ఈ కెమెరాకు చిక్కవు, అలాంటి చోటుకు చిన్న మిర్రర్‌లెస్ తీసుకెళ్లడమే న్యాయం. గాలి హోరు పెట్టే కొండ అంచుల్లో కూడా అంతే. ఇది వెలుగు వచ్చే ముందే వెళ్లి, చోటు తేల్చుకుని, లెవెల్ చేసి, కోణం పెట్టి, ఎదురుచూసేవాళ్ల కెమెరా. నాకు ఆ ఎదురుచూపు నచ్చుతుంది. ఫ్రేమ్ ముందే కుదిరిపోయి ఉంటుంది కాబట్టి స్క్రీన్ వైపు కాక దృశ్యం వైపే చూస్తూ నిలబడగలను.

ఎవరైనా మొదలుపెడదామనుకుంటే మొదటి లెన్స్‌గా 32 వద్దంటాను. 50 మి.మీ. హెచ్ఆర్ డిజరాన్-డబ్ల్యూ ఇమేజ్ సర్కిల్ 125 మి.మీ., కదలడానికి బోలెడంత చోటు, అంచుల్లో వెలుగు తగ్గుదల తక్కువ, సాగుడు తక్కువ. షిఫ్ట్ అంటే ఏమిటో చేతికి తెలిసేది అక్కడే. ఇంత పెద్ద వ్యవస్థ వద్దనుకునేవాళ్లకు ఫూజీ జీఎఫ్ఎక్స్ కెమెరాలకు 2023లో వచ్చిన జీఎఫ్ 30 మి.మీ. టిల్ట్-షిఫ్ట్ లెన్స్ ఉంది. అందులో సెన్సర్ చిన్నదే అయినా షిఫ్ట్ నిజమైనదే, వ్యూఫైండర్ కూడా ఉంటుంది. ఏది తీసుకున్నా కొనే ముందు ఒక్కసారి అద్దెకు తెచ్చుకుని, పొడవాటి చెట్లున్న చోట లెవెల్ చేసి, 10 మి.మీ. పైకి, 10 మి.మీ. కిందికి తిప్పి చూడండి. ఆ రెండు ఫ్రేములను, అదే చోట నుంచి మామూలు కెమెరాను వంచి తీసిన రెండు ఫ్రేముల పక్కన పెట్టండి. తేడా మీకు ముఖ్యం అనిపించకపోతే ఈ బరువు మోయాల్సిన అవసరం లేదు.